‘చూద్దాం లెండి’ దగ్గరే విరాళాలు ఆగిపోతున్నాయా?

బెంగళూరు కిద్వాయి క్యాన్సర్ ఆస్పత్రికి అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చే రోగుల బంధువుల కోసం వసతి గృహం కట్టాలని మా ట్రస్టు 2 కోట్ల లక్ష్యం పెట్టుకుంది. ఫీజిబిలిటీ స్టడీ (ఎవరు ఎంత ఇవ్వగలరో, వాళ్ల అనుమానాలేమిటో ముందే తెలుసుకోవడం) చేయకుండానే కరపత్రాలు అచ్చు వేయించాం. అప్పుడు ఎదురైనవి ఇవి.

సమస్య: ఎవరూ కాదనరు, ఎవరూ ఇవ్వరు

మారతహళ్లిలో ఒక బియ్యం వ్యాపారి మా కార్యదర్శికి రెండుసార్లు కాఫీ ఇప్పించారు. కరపత్రాన్ని మడిచి గల్లాపెట్టె కింద పెట్టి, రెండుసార్లూ ‘చూద్దాం లెండి’ అన్నారు.

కారణం: మేం చందా అడిగాం, అభిప్రాయం అడగలేదు. తెలిసినవాళ్ల ముఖం మీద అనుమానాలు ఎవరు చెబుతారు? తర్వాత దాతలతో మాట్లాడమని ట్రస్టుతో సంబంధం లేని ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారిని పంపాం. ఆయన పేర్లు లేకుండా ఇచ్చిన రిపోర్టులో ఒకే ప్రశ్న పదకొండుసార్లు ఉంది: ‘స్థలం ఎవరి పేరున ఉంది?’

పరిష్కారం: ఇచ్చే స్థోమత ఉన్న 25, 30 మందిని ఎంచుకోండి. ఎందుకు కడుతున్నాం, ఎంతవుతుంది, కట్టాక ఏటా ఖర్చు ఎక్కడి నుంచి వస్తుంది అన్నది రెండు పేజీల్లో రాసి ముందే పంపండి. బయటి మనిషి ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలి. ఆ కూర్చున్నప్పుడు మాత్రం డబ్బు ఊసెత్తకూడదు. ఎవరేమన్నారో కమిటీకి కూడా చెప్పకూడదు. ఈ రెండూ తప్పితే మళ్లీ ఎవరూ నోరు విప్పరు.

సమస్య: లక్ష్యం కోట్లలో, హామీలు వేలల్లో

కారణం: 2,000 మంది తలా పదివేలు ఇస్తారని లెక్క వేయడం. ఇలాంటి ప్రచారాల్లో మొదటి పెద్ద విరాళమే సాధారణంగా లక్ష్యంలో 10 నుంచి 20 శాతం ఉండాలి.

పరిష్కారం: 30 లక్షలు ఒకరు, 15 లక్షలు ఇద్దరు, 5 లక్షలు పదిమంది, ఇలా పట్టిక గీయండి. కావాల్సిన ప్రతి విరాళానికీ ముగ్గురు నలుగురి పేర్లు రాయండి. పై వరస ఖాళీగా ఉంటే లక్ష్యం తగ్గించండి. మేం అలాగే తగ్గించుకుని, ముందు ఒక్క అంతస్తే కట్టాలనుకున్నాం.

సమస్య: ఇస్తామన్నా తీసుకోలేకపోవడం

కారణం కాగితాలే. అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా, వాళ్లిచ్చేది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. కంపెనీల నుంచి సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) నిధులు తీసుకోవాలంటే కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 నమోదు కావాలి. నగదు 2,000 దాటితే దాతకు విరాళాలపై ఇచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు (80జీ) రాదు.

పరిష్కారం: స్థలం పత్రాలతో పాటు ఇవన్నీ ఆడిటరుకు చూపించాకే మొదటి దాత దగ్గరికి మనిషిని పంపండి.