పల్లె బొమ్మకి నకలు వేస్తున్నారా? తేడా ఎక్కడొస్తుందో చూద్దాం

కోవూరులో మా ఇంటి వరండాలో కూర్చుని నేను నకలు వేస్తూ నేర్చుకున్న బొమ్మ, ఇంగ్లండు చిత్రకారుడు జాన్ కానిస్టేబుల్ 1821లో వేసిన ‘ది హే వేన్’. లోతు లేని ఏట్లో గడ్డిబండి, ఎడమ పక్క ఇల్లు, కుడివైపు దూరంగా ఎండ పడిన పచ్చికబయలు. ఆ బొమ్మ దగ్గర నాకొచ్చిన తిప్పలే ఇవి.

బండి సాగింది, గుర్రాలు పొట్టిగా వచ్చాయి

తప్పు చాలాసార్లు చేతిది కాదు, కాగితానిది. అసలు బొమ్మ వెడల్పు సుమారు 185 సెంటీమీటర్లు, ఎత్తు 130. దాన్ని దొరికిన షీటు నిండా సర్దితే కొలతలు చెడతాయి. ఏ3 కాగితం తీసుకోండి, నిష్పత్తి దాదాపు అదే. అసలు బొమ్మ ప్రింటు మీద ఎన్ని గళ్లు గీస్తే కాగితం మీదా అన్నే గీసి, ఒక్కో గడి నింపండి. గుర్రాలు కుదరకపోతే ప్రింటునీ కాగితాన్నీ తలకిందులు చేసి గీయండి. అప్పుడు మనకు తెలిసిన గుర్రాన్ని కాదు, కంటికి కనపడే గీతల్ని వేస్తాం.

చెట్లు ప్లాస్టిక్ ఆకుల్లా ఉన్నాయి

నన్ను అన్నిటికంటే ఏడిపించింది ఇదే. ట్యూబులోని పచ్చరంగు నేరుగా పూయడమే కారణం. ఆ ట్యూబు పక్కన పెట్టేయండి. అల్ట్రామెరైన్ బ్లూలో ఎల్లో ఆకర్ (మట్టి పసుపు) కలిపితే అణిగిన పచ్చ వస్తుంది. నీడకి బర్న్‌ట్ సియెన్నా (ఎర్రమట్టి గోధుమరంగు) చేర్చండి, ఎండకి లెమన్ ఎల్లో. నమ్మకం కుదరకపోతే మా ఊరి పొలాల గట్టు మీద నిలబడి చూడండి: నారుమడి పచ్చ వేరు, ఈనిన వరి పచ్చ వేరు, గట్టు మీది వేపచెట్టు పచ్చ వేరు.

ఇంకో సంగతి. కానిస్టేబుల్ గుర్రాల మెడపట్టీల మీద కాస్త ఎరుపు పెట్టాడు. రంగుల చక్రంలో ఎరుపు, పచ్చ ఎదురెదురుగా ఉంటాయి, ఆ చిన్న ఎరుపు వల్లే చుట్టూ ఉన్న పచ్చ నిలబడుతుంది. నేను అది వదిలేసి, బొమ్మ చప్పగా ఉందని పచ్చ మీద పచ్చ పూస్తూ పోయాను.

దూరం, దగ్గర ఒకదానికొకటి అతుక్కుపోయాయి

రంగులు సరిపోయినా వెలుగునీడలు సరిపోలేదన్నమాట. మీ బొమ్మనీ ప్రింటునీ ఫోనులో ఫోటో తీసి, రెండిటినీ బ్లాక్ అండ్ వైట్ చేసి పక్కపక్కన పెట్టండి. తేడా వెంటనే పట్టుబడుతుంది. వేసేటప్పుడు కళ్లు సగం మూసి చూడటం కూడా అలవాటు చేసుకోండి.

రంగు మురికైంది

ఆక్రిలిక్ అయితే మే నెల నెల్లూరు ఎండకి ప్యాలెట్ మీదే ఆరిపోతుంది. సగం ఆరిన దాన్ని మళ్లీ రుద్దితే పొర లేచి మురికవుతుంది. ఫ్యాను గాలి తగలకుండా కూర్చోండి, కొంచెం కొంచెం రంగే తీయండి, తడి చేయడానికి నీళ్ల స్ప్రే బాటిల్ దగ్గర పెట్టుకోండి.

నకలు బాగుంది, సొంత బొమ్మ రావట్లేదు

ఏది ఎక్కడుందో చూశాం గానీ ఎందుకుందో అడగలేదు. ముందు నకలు వెనక ‘కానిస్టేబుల్ బొమ్మకి నకలు’ అని రాసి పక్కన పెట్టండి. తర్వాత అదే అమరికలో ఏటి బదులు పెన్నా, గుర్రాల బదులు ఒంగోలు ఎడ్లు పెట్టి చూడండి. కానిస్టేబుల్ బొమ్మలో ముదురు గుర్రాలు లేత నీటి మీద తేలాయి. మన ఎడ్లు తెల్లనివి, అదే నీటి మీద పెడితే కలిసిపోతాయి. అందుకే చెట్ల నీడని వాటి వెనక్కి జరపాలి.