రాళ్లతో పరిచయం – 3వ పాఠం: బరువుని అంకెలో పెట్టడం

పోయిన పాఠంలో గోరుతో, రాగి నాణెంతో, మేకుతో గీసి చూశాం. పలుగురాయి కాఠిన్యం 1 నుంచి 10 దాకా ఉండే మోస్ కొలమానంలో 7 కాబట్టి మేకుకి లొంగదు, దాన్ని అక్కడే పక్కన పెట్టేశాం. చిక్కల్లా కాల్సైట్ (సున్నపురాయిలో ఉండే ఖనిజం), బెరైట్‌లతోనే. రెండూ తెల్లగానే దొరుకుతాయి, రెండిటి కాఠిన్యమూ 3 దగ్గరే. కాకపోతే బెరైట్‌ని, అదే కడప వైపు ముగ్గురాయి అంటారే, దాన్ని చేతిలోకి తీసుకుంటే సైజుకి మించిన బరువు తెలుస్తుంది. చెయ్యి చెప్పింది నమ్మొచ్చు గానీ నోట్‌బుక్‌లో "బరువుగా ఉంది" అని రాస్తే నేను మార్కులు వెయ్యను, అంకె కావాలి.

వంటింటి డిజిటల్ కాటా, గ్లాసు నీళ్లు, సన్నటి దారం తెచ్చుకోండి. ముందు రాయిని పొడిగా తూచండి, 90 గ్రాములు అనుకుందాం. నీళ్ల గ్లాసు కాటా మీద పెట్టి సున్నా చేసి, రాయిని దారంతో వేలాడదీసి పూర్తిగా మునిగేలా దించండి. అడుగుకి తగిలిందంటే రాయి బరువు కూడా కాటా మీద పడి లెక్కంతా పోతుంది. తగలకుండా ఉంటే, కాటా చూపించేది రాయి పక్కకి నెట్టిన నీళ్ల బరువు. 20 వచ్చిందా? 90ని 20తో భాగిస్తే 4.5, అంటే ఈ రాయి తనంత ఘనపరిమాణం ఉన్న నీళ్లకి నాలుగున్నర రెట్లు బరువు. దీన్నే సాపేక్ష సాంద్రత అంటారు, 4.5 అంటే బెరైట్. అంతే నీళ్లు నెట్టే కాల్సైట్ ముక్క 54 గ్రాములే తూగుతుంది, దాని సాపేక్ష సాంద్రత 2.7. రాయికి గాలి బుడగలు అంటుకుంటే కాటా ఎక్కువ చూపించి, సాపేక్ష సాంద్రత తగ్గిపోతుంది, దారాన్ని కాస్త ఆడించి వదిలించండి. గోళీ అంత చిన్న రాళ్లతో మాత్రం ఈ కాటా పనికిరాదు.

ఈ తేడాలో పెద్ద వాటా లోహానిది. కాల్సైట్‌లోని కాల్షియం పరమాణు భారం 40, బెరైట్‌లోని బేరియంది 137. ఇంకా సరదా ఏంటంటే, బెరైట్ స్ఫటిక నిర్మాణం అలాగే ఉంచి బేరియం బదులు స్ట్రాన్షియం పెడితే సెలెస్టైట్, సుమారు 3.97, సీసం పెడితే యాంగ్లసైట్, 6.3 పైనే. అంటే కాటాతో మీరు కొలిచింది కొంతవరకు రసాయనాన్నే. ఓబులవారిపల్లె దగ్గరి మంగంపేట ముగ్గురాయికి గిరాకీ కూడా ఈ బరువు వల్లే. చమురు బావులు తవ్వేటప్పుడు బురదలో దీని పొడి కలిపి లోపలి గ్యాస్, నూనె ఎగదన్నకుండా అదిమి పెడతారు. ఆ పొడి సాపేక్ష సాంద్రత చాలాకాలం 4.20కి తగ్గకూడదనేవారు, తర్వాత 4.10 రకానికీ ఒప్పుకున్నారు.

ఇంటిపని: 123 గ్రాముల తెల్లరాయి 30 గ్రాముల నీళ్లు నెట్టింది. స్వచ్ఛమైన బెరైట్ కాదు, మరి అందులో పలుగురాయి కలిసి ఉంటే ఘనపరిమాణంలో ఎంత భాగం ఉండొచ్చు? పలుగురాయికి 2.65 వేసుకోండి. జవాబు వచ్చే పాఠంలో, యాసిడ్ చుక్క పరీక్షతో పాటు.