మాగడి చెరువుకు బాతుల కోసం వెళ్తున్నారా?

కర్ణాటకలోని గదగ్ జిల్లా మాగడి చెరువుకు చలికాలంలో హిమాలయాలు దాటి బార్ హెడెడ్ గూస్ అనే పెద్ద అడవి బాతులు వస్తాయి. తెల్లటి తల వెనక రెండు నల్ల పట్టీలే గుర్తు. 2024లో ఈ చెరువు రామ్‌సర్ జాబితాలో (అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితా) చేరింది.

• డిసెంబరు, జనవరి మంచి నెలలు. మార్చి దాకా ఆగితే బాతులు వెళ్లిపోయి చెరువు ఖాళీ అవుతుంది.

• అసలు సంగతి వేళ. ఇవి రాత్రిళ్లు పొలాల్లో మేసి, పొద్దున చెరువుకు చేరతాయి. కాబట్టి తెల్లవారకముందే గట్టు మీద ఉండండి. గుంపులు గుంపులుగా అరుస్తూ దిగుతుంటే చలి కూడా గుర్తుండదు. సాయంత్రం మళ్లీ లేస్తాయి. మధ్యాహ్నం వెళ్తే కునుకు తీసే బాతులే కనిపిస్తాయి.

• బైనాక్యులర్ మరిచిపోవద్దు. ఫోన్ కెమెరాకు చుక్కలే దొరుకుతాయి.

• మెరిసే బట్టలు, డ్రోన్లు వద్దు. బాతులన్నీ ఒక్కసారి మెడలెత్తాయంటే మీరు మరీ దగ్గరికి వెళ్లినట్టే. కదలకుండా ఆగి, మెల్లగా వెనక్కి రండి.

• ఫోటో కోసం రైతుల చేలు తొక్కొద్దు.

• గుంతకల్లు మీదుగా రైల్లో వెళ్లేవాళ్లు ముందు రోజే గదగ్ చేరుకుంటే పొద్దున టెన్షన్ ఉండదు.