షూరిటీ సంతకం అడిగితే ఏం చేయాలి

మా హనుమకొండలో చిట్టీ లేని ఇల్లు తక్కువ, నెల జీతం ఉన్నవాళ్లను షూరిటీ అడగడం మామూలే. నేనూ ఒక తోటి ఉద్యోగికి పెట్టాను. అయిదు లక్షల చిట్టీ, ఆయన పాడుకుని డబ్బు ఎత్తుకున్న ఎనిమిది నెలలకు కట్టడం ఆపేశాడు, నోటీసు నాకొచ్చింది. "ఆ డబ్బు నేను తిన్నానా?" అని ఇంట్లో అరిచాను. మా నాయన ఒక్కటే అడిగాడు: "సంతకం ఎవరిదిరా?"

సంప్రదాయవాదులు, అంటే కన్జర్వేటివ్‌లు, రాజకీయాల్లో అడిగేది కూడా ఈ ప్రశ్నే. తన కోరికలకు తానే కళ్లెం వేసుకోగలిగినంత మేరకే మనిషి స్వేచ్ఛకు అర్హుడు, లోపల కళ్లెం లేకపోతే అది బయటి నుంచి పడుతుంది అని బ్రిటిష్ రాజకీయ ఆలోచనాపరుడు ఎడ్మండ్ బర్క్ 1791లోనే వాదించాడు. రాజాజీ 1959లో స్వతంత్ర పార్టీ పెట్టి లైసెన్సు పర్మిట్ల రాజ్యం మీద పోరాడుతూనే ధర్మం గురించి అన్నిసార్లు మాట్లాడింది అందుకే. సర్కారు పెత్తనం వద్దంటే మన మాట మీద మనం నిలబడాలి కదా.

ఇక పనిలోకి వద్దాం. సంతకం అడగగానే మొహమాటపడకండి, ఒక రాత్రి టైం తీసుకుని కాగితం మీద లెక్క వేయండి. రేపటి నుంచి ఆ నెలవారీ కిస్తు మొత్తం మీ జీతంలోంచి పోతే పిల్లల ఫీజు, ఇంటి కిరాయి వెళ్తాయా? వెళ్లవు అంటే పెట్టకండి. దోస్తు నాలుగు రోజులు అలుగుతాడు, పర్వాలేదు. ఇంట్లో చెప్పకుండా మాత్రం అస్సలు పెట్టొద్దు, నేను చేసిన తప్పు అదే.

పెట్టాక అతను ఆపేస్తే ముందు చట్టం తెలుసుకోండి. 1872 కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో షూరిటీకీ అంతే. కట్టండి, ప్రతి రసీదూ దాచండి. అలా కట్టిన డబ్బు అతని దగ్గర వసూలు చేసుకునే హక్కు 145వ సెక్షన్ ఇస్తుంది.

కేసు కంటే ముందు మాత్రం ఒకసారి వాళ్లింటికి వెళ్లండి. కట్టలేనివాడు వేరు, కట్టనివాడు వేరు. ఈ తేడా చూడకుండా పేదవాడికి బాధ్యత పాఠాలు చెప్పే సంప్రదాయవాదులంటే నాకు కోపం. 1956లో ములుకనూరులో రైతులు పెట్టుకున్న సహకార సంఘం ఈ రోజుకీ నడుస్తోంది, అక్కడ అప్పు ఇచ్చేదీ తీసుకునేదీ ఒకరికొకరు తెలిసిన మనుషులే. ఎవరి పంట పోయిందో, ఎవరు ఎగ్గొడుతున్నారో ఊళ్లో దాగదు.

నేను వెళ్లేసరికి ఆయన భార్య డయాలసిస్ ఫైలు టేబుల్ మీదే ఉంది. నాకు ఒక్క మాట చెప్పి ఉండాల్సింది, అది ఆయన తప్పే, మొహం మీదే చెప్పాను. ఇప్పుడు నెలనెలా అయిదో తారీఖున రెండు వేలు తెస్తాడు. రెండు వందల పేజీల నోటుబుక్కులో తేదీ వేసి రాసుకుంటాం, కింద ఇద్దరం సంతకం పెడతాం.