రోమ్, హాన్, గుప్తులు: పోలిక ఎక్కడ బెడిసికొడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

"ప్రాచీన సామ్రాజ్యాల ఎదుగుదలను, పతనాన్ని పోల్చి రాయండి" అనే ప్రశ్నకు వచ్చే సమాధానాలు చాలావరకు ఒకే నాలుగైదు చోట్ల దెబ్బతింటాయి. మీ ఆన్సర్ ఏ చోట దెబ్బతిందో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్లండి.

సమస్య 1: రోమ్‌కో పేరా, చైనాను ఏలిన హాన్ వంశానికో పేరా, గుప్తులకో పేరా. ఒకటి కొట్టేసినా మిగతా రెండూ చెక్కుచెదరవు.

కారణం: మూడింటినీ ఒకే ప్రశ్న అడగలేదు. రోమ్ దగ్గర సైన్యం గురించి, చైనా దగ్గర చక్రవర్తి గురించి, గుప్తుల దగ్గరికొచ్చేసరికి కాళిదాసు గురించి రాసేస్తాం.

పరిష్కారం: ఒక్క ప్రశ్న పట్టుకుని మూడు చోట్లా అదే అడగండి. నేను అడిగేది ఇది: పన్ను ఎవరి చేతిలో పడింది, సైనికుడు జీతం కోసం ఎవరి వైపు చూశాడు?

ముందు ఎదుగుదల చూడండి. క్రీ.శ. 6లో అగస్టస్ రిటైరైన సైనికుల కోసం ప్రత్యేక ఖజానా పెట్టి, వారసత్వ ఆస్తుల మీద 5 శాతం పన్నును అందులోకి మళ్లించాడు. అంతకుముందు ఆ సైనికులు భూమి కోసం తమ సేనాపతి మీద ఆధారపడేవారు. హాన్ చక్రవర్తి వూ క్రీ.పూ. 117 ప్రాంతంలో ఉప్పు, ఇనుము వ్యాపారాన్ని ప్రభుత్వ గుత్తాధిపత్యం చేశాడు. ఉత్తరాన షియోంగ్నులనే సంచార తెగలతో యుద్ధానికి డబ్బు కావాలి మరి. గుప్తుల దారి వేరు. సముద్రగుప్తుడు దక్షిణాదికి వచ్చి పిష్టపురం (మన పిఠాపురమే) మహేంద్రుణ్ణి, వేంగి హస్తివర్మను ఓడించి, మళ్లీ వాళ్లనే గద్దె మీద కూర్చోబెట్టాడని అలహాబాద్ స్తంభ శాసనం చెబుతుంది. అంటే దక్షిణాదిలో గెలిచిన చోట కూడా పన్ను వసూలు స్థానిక రాజుల చేతిలోనే ఉండిపోయింది.

పతనానికీ ఇదే ప్రశ్న వేయండి. 439లో వాండల్స్ అనే జర్మానిక్ తెగ ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నగరాన్ని పట్టుకోవడంతో పశ్చిమ రోమ్‌కు అక్కడి పన్నులు, ధాన్యం పోయాయి. ఆ తర్వాత సైన్యాన్ని పోషించే స్తోమత లేదు. చైనాలో 184లో పసుపు తలపాగాల రైతుల తిరుగుబాటు లేచింది. 188లో కొన్ని ప్రాంతాల గవర్నర్లకు సైన్యం మీదా, పాలన మీదా అధికారం ఇచ్చేశారు. ఇక వాళ్లు రాజధాని మాట ఎందుకు వింటారు? గుజరాత్‌లో గుప్తుల సేనాపతులుగా మొదలైన మైత్రకుల్లో మొదటి ఇద్దరు పాలకులూ 'సేనాపతి' అనే చెప్పుకున్నారు. మూడో పాలకుడు ద్రోణసింహుడికి వచ్చేసరికి అది 'మహారాజు' అయింది. గుప్తుల కథ ఆ ఒక్క బిరుదు మార్పులోనే కనిపిస్తుంది.

సమస్య 2: ప్రతి పేరా "విదేశీ దండయాత్రల వల్ల కూలింది" అని ముగుస్తోంది.

కారణం: ఎవరు ఎప్పుడు వచ్చారో చూడకుండా రాయడం.

పరిష్కారం: తేదీలు పక్కపక్కన పెట్టండి. షియోంగ్నులు చైనా రాజధాని లుయోయాంగ్‌ను పట్టుకున్నది 311లో. హాన్ వంశం 220లోనే ముగిసింది. దాన్ని దించింది సావో పీ, అంటే బయటివాడు కాదు, హాన్ ఆస్థానంలోని వాడే. రోమ్ సంగతి ఇంకా విచిత్రం. గోత్‌లనే జర్మానిక్ తెగను 376లో సరిహద్దు నది డాన్యూబ్ దాటనిచ్చింది రోమన్లే. అక్కడి అధికారులు వాళ్ల ఆకలిని కూడా సొమ్ము చేసుకున్నారు. రెండేళ్లకు అదే గోత్‌లతో జరిగిన ఏడ్రియనోపుల్ యుద్ధంలో చక్రవర్తి వాలెన్స్ చనిపోయాడు. హూణుల వాదం కాస్త నిలబడేది గుప్తుల విషయంలోనే. అక్కడా స్కందగుప్తుడు వాళ్లను ఒకసారి తిప్పికొట్టాడని మరిచిపోకండి.

సమస్య 3: "476లో రోమ్ పడిపోయింది" అని రాశాక మార్కులు కట్.

కారణం, పరిష్కారం రెండూ ఒక్క మాటలో: 'పశ్చిమ' అనే పదం చేర్చండి. తూర్పు సగం 1453 దాకా ఉంది.

సమస్య 4: నాణెంలో వెండి తగ్గింది కాబట్టి సామ్రాజ్యం కూలిందని రాశారు, కానీ అది హాన్‌కు అతకడం లేదు.

కారణం: రోమ్ రోగాన్ని అందరికీ అంటగట్టడం. హాన్ వాళ్ల వూఝు నాణెం రాగిది, అందులో తగ్గించడానికి వెండే లేదు. క్రీ.పూ. 118లో మొదలైన ఆ నాణెం హాన్ పోయాక కూడా 621 వరకు నడిచింది.

పరిష్కారం: రోమ్‌లోనూ సంవత్సరాలు సరిచూసుకోండి. 260ల చివరికి వెండి నాణెంలో వెండి 5 శాతం కంటే తగ్గింది. అయినా పశ్చిమ రోమ్ మరో రెండు శతాబ్దాలు బతికింది. మధ్యలో కాన్‌స్టంటైన్ ఒక పౌను బంగారానికి 72 చొప్పున సాలిడస్ నాణేలు కొట్టించాడు. నాణెం గురించి రాయాలంటే దాన్ని 3వ శతాబ్దపు సంక్షోభం దగ్గర పెట్టండి, 476 దగ్గర కాదు.

సమస్య 5: మౌర్యులు, గుప్తులు ఒకే పేరాలో కలిసిపోయారు.

కారణం: ఇద్దరి రాజధానీ పాటలీపుత్రమే. కానీ క్రీ.పూ. 185 ప్రాంతంలో మౌర్యులు పోతే, గుప్తులు మొదలైంది క్రీ.శ. 319 ప్రాంతంలో. మధ్యలో 500 ఏళ్లు, అందులోనే శాతవాహనులు, కుషాణులు.

పరిష్కారం: మౌర్యుల పక్కన హాన్‌ను కాదు, చిన్ వంశాన్ని పెట్టి చూడండి. అది క్రీ.పూ. 221లో చైనాను ఏకం చేసి 15 ఏళ్లకే కూలింది. మౌర్యులు 130 ఏళ్లకు పైగా ఎలా నిలిచారన్నది మీ సమాధానానికి మంచి ప్రశ్న.