పసిపిల్లలకు మొలకెత్తిన రాగుల జావ: నానబెట్టడం నుంచి చెంచా దాకా

రాగులనండి, చోళ్ళనండి, తైదలనండి, పసిపిల్లల జావకి చిరుధాన్యాల్లో మొదట ఎంచుకోవాల్సింది ఇవే. వంద గ్రాముల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. కొవ్వు తక్కువ కాబట్టి పిండి త్వరగా ముక్కిపోదు. సజ్జపిండి అలా కాదు, కొద్దిరోజులకే చేదెక్కుతుంది.

కానీ మామూలు రాగిపిండితో ఒక తంటా ఉంది. ఉడికేకొద్దీ నీళ్ళు పీల్చుకుని బిగుసుకుంటుంది. బిడ్డ మింగలేదని ఇంకాసిని నీళ్ళు పోస్తాం. బిడ్డ పొట్టలో పట్టేది కిలో బరువుకి సుమారు 30 మిల్లీలీటర్లు, అంటే ఏడు కిలోల బిడ్డకి ఒక గ్లాసుడు. అది నీళ్ళతోనే నిండిపోతే ఆకలి తీరినట్టు ఉంటుంది గానీ బరువు పెరగదు. మొలక కట్టడం అసలు ఇందుకే. గింజ మొలకెత్తేటప్పుడు అమైలేజ్ అనే ఎంజైమ్ పుడుతుంది. అది పిండిపదార్థాన్ని ముక్కలు చేస్తుంది కాబట్టి రెట్టింపు పిండి వేసినా జావ జారుగానే ఉంటుంది. పైగా ఇనుము, కాల్షియం ఒంటబట్టకుండా అడ్డుపడే ఫైటేట్లు కూడా నానబెట్టి మొలకెత్తించడంతో తగ్గుతాయి.

పిండి తయారీ

ఒక విడతకి పావుకిలో రాగులు చాలు. నెలకి సరిపడా చేసుకోవడం మంచిది, ఎక్కువ చేస్తే డబ్బా అడుగున పాతపిండి మిగులుతుంది. రాళ్ళు, ఇసుక పోయేలా గాలించి, నీళ్ళు తేటగా వచ్చేదాకా ఐదారుసార్లు కడగండి. పైకి తేలిన గింజలు తీసేయాలి, అవి మొలకెత్తవు, నానితే కుళ్ళుతాయి.

10 నుంచి 12 గంటలు నాననివ్వండి. మధ్యలో ఒకసారి నీళ్ళు మార్చాలి. తర్వాత నీళ్ళు పూర్తిగా వార్చి, ఉడికించి ఆరేసిన పలుచటి నూలుగుడ్డలో వదులుగా మూటకట్టి, చిల్లుల గిన్నెలో పెట్టండి. ఆరేడు గంటలకోసారి గుడ్డ మీద నీళ్ళు చిలకరిస్తే సరిపోతుంది. ఎండాకాలంలో ఒక రోజుకే మొలక వస్తుంది, చలికాలంలో రెండు రోజులు పట్టొచ్చు. మొలక పావు అంగుళం దాటకముందే ఆపేయాలి. ఇంకా పెరిగితే పిండి చేదు తిరుగుతుంది.

చెడేది ఎక్కువగా ఇక్కడే. మూట బిగించి కట్టినా, నీళ్ళు సరిగా వార్చకపోయినా గింజలు జిగురు పట్టి పులిసిన వాసన వేస్తాయి. అలాంటివి కడిగి వాడుకుందామని చూడకండి. బూజు కనిపిస్తే మొత్తం పారేయాల్సిందే, బూజు వదిలే విషాలు కొన్ని వేయించినా ఉడికించినా పోవు.

మొలకల్ని శుభ్రమైన గుడ్డ మీద ఒక్క వరసగా పరిచి ఎండలో ఒకటి రెండు రోజులు ఎండబెట్టండి. దుమ్ము పడకుండా పైన పలుచటి గుడ్డ కప్పాలి. ముసురు పట్టిన రోజుల్లో ఈ పని పెట్టుకోకపోవడమే మేలు. అరచేతుల మధ్య నలిపితే మొలకలు పుటుక్కున విరిగి రాలాలి, గింజ కొరికితే గట్టిగా తగలాలి. నలిపి చేటలో చెరిగితే రాలిన మొలకలు పోతాయి.

తర్వాత మందపాటి బాణలిలో సన్నసెగ మీద ఐదారు నిమిషాలు వేయించండి. గింజ చేతికి బాగా వేడిగా తగిలి, కమ్మని వాసన మొదలవగానే దింపేయాలి. రంగు మారేదాకా వేయిస్తే అమైలేజ్ మాడిపోతుంది, అన్నిరోజుల శ్రమా వృథా. పూర్తిగా చల్లారాకే మెత్తగా పట్టి, గాలి చొరని పొడి డబ్బాలో నిల్వచేయండి. బిడ్డకి జావ మొదలుపెట్టిన మొదటి రెండు నెలలకి పలుచటి గుడ్డతో జల్లించండి. ఎనిమిదో నెల దాటాక సన్నని జల్లెడ చాలు, ఎందుకంటే పొట్టుతోపాటు కొంత కాల్షియం కూడా పోతుంది.

జావ కాయడం

ఆరు నెలలు నిండాకే మొదలుపెట్టాలి. మొదటి మూడు నాలుగు రోజులు తలకొట్టిన ఒక టేబుల్ స్పూన్ పిండికి 150 మిల్లీలీటర్ల నీళ్ళు. అందులోంచి రెండు మూడు చెంచాలు పెడితే చాలు. అలవాటయ్యాక అన్నే నీళ్ళకి రెండు టేబుల్ స్పూన్లు వేయండి.

పిండిని ఎప్పుడూ చల్లటి నీళ్ళలోనే కలపాలి. మరిగే నీళ్ళలో వేస్తే ముద్ద పైపొర క్షణంలో ఉడికి మూసుకుపోతుంది, లోపల పొడిపిండి అలాగే ఉండిపోతుంది. ఉండకట్టడమంటే ఇదే. కలిపిన పిండిని సన్నసెగ మీద పెట్టి అడుగంటకుండా తిప్పుతూ ఉండండి. తొందరపడి మంట పెంచొద్దు. అమైలేజ్ పనిచేసేది మరుగుకి ముందున్న వేడిలోనే, మరిగితే చచ్చిపోతుంది. ఉడుకు పట్టాక ఇంకో ఏడెనిమిది నిమిషాలు ఉంచితే పచ్చివాసన పోయి, రంగు ముదిరి, జావకి మెరుపు వస్తుంది. చల్లారితే కాస్త చిక్కబడుతుంది కాబట్టి కొంచెం జారుగా ఉండగానే దింపండి. చెంచా వంచితే మెల్లగా జారాలి, నీళ్ళలా కారిపోకూడదు. పాలసీసాలో పోసి పట్టేంత పలుచగా ఉందంటే పిండి తక్కువైనట్టే. ఆమాటకొస్తే జావకి సీసా వాడనే వాడకూడదు.

మామూలు పిండితో కాసిన జావ బిగుసుకుపోయిందనుకోండి. దించి, పొగలు కాస్త తగ్గాక, అరచెంచా మొలకపిండిని చెంచాడు నీళ్ళలో కలిపి అందులో వేసి తిప్పండి. రెండు మూడు నిమిషాల్లో కళ్ళముందే జారుగా అవుతుంది. కొత్తగా వేసింది పచ్చిపిండి కాబట్టి మళ్ళీ రెండు నిమిషాలు మరిగించాకే బిడ్డకి పెట్టాలి.

ఏమి కలపాలి, ఏమి కలపకూడదు

ఏడాది నిండేదాకా ఉప్పు, పంచదార, బెల్లం వద్దు. తేనె అసలే వద్దు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బుకి అది కారణం కాగలదు. తీపి కావాలంటే బాగా పండిన అరటిపండు మెదిపి కలపండి. గోరువెచ్చగా అయ్యాక తల్లిపాలు కలపొచ్చు, వాటిని మరిగించకూడదు. చెంచాడు నెయ్యి వేస్తే 40 కేలరీలకు పైగా చేరతాయి. తల్లిపాలు తాగే ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకి పైఆహారం నుంచి రోజుకి కావాల్సింది సుమారు 200 కేలరీలే కాబట్టి ఇది చిన్న సంగతేమీ కాదు.

వారం రోజులు జావ ఒక్కటే పడ్డాక, మూడు పాళ్ళ రాగిపిండికి ఒక పాలు వేయించిన పెసరపప్పు పొడి కలపండి. రాగుల్లో ఇనుము పుష్కలమని వింటుంటాం. ఉన్నమాట నిజమే గానీ, ఈ వయసు బిడ్డ అవసరానికి జావని నమ్ముకుంటే చాలదు. మెత్తగా ఉడికిన పప్పు, తినేవాళ్ళయితే గుడ్డు, మాంసం, వాటితోపాటు సి విటమిన్ ఉన్న పండు తప్పనిసరి.

రాగులు మొదలుపెట్టాక మలం రంగు ముదరడం మామూలే. మలం గట్టిపడితే జావ రోజుకి ఒకసారికి తగ్గించి పండు గుజ్జు పెంచండి. మలంలో రక్తం, ఒంటి మీద దద్దుర్లు, ఆగని వాంతులు కనిపిస్తే ఆపేసి డాక్టరుకి చూపించాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి మొదలుపెట్టే ముందే అడగడం మంచిది.

గిన్నెలోంచి నేరుగా తినిపించకుండా చిన్న కప్పులోకి కొంచెం కొంచెం తీసుకోండి. బిడ్డ నోట్లో పెట్టిన చెంచా మళ్ళీ ముంచితే, లాలాజలంలోనూ అమైలేజ్ ఉంటుంది కాబట్టి, కాసేపటికి జావ నీళ్ళలా అయిపోతుంది. కప్పులో మిగిలింది పారబోయాలి. ఎంగిలి పడని జావయినా బయట రెండు గంటలకు మించి ఉంచకండి.