చెన్నైలో బీకాం, బీబీఏ: ముందు ఎయిడెడ్ సీటు, ఆ తర్వాతే స్కాలర్‌షిప్

పిల్లల్ని చెన్నైలో కామర్స్ చదివించాలనుకునే తెలుగువాళ్లు మొదట అడిగే మాట, "ఏ కాలేజీలో స్కాలర్‌షిప్ ఇస్తారు?" అని. దానికంటే ముందు అడగాల్సింది ఒకటుంది: "ఈ సీటు ఎయిడెడా, సెల్ఫ్ ఫైనాన్సా?"

లయోలా, తాంబరం మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ, అరుంబాక్కం డి.జి. వైష్ణవ్ లాంటి చోట్ల రెండూ ఉన్నాయి. ఎయిడెడ్‌లో లెక్చరర్ల జీతాలు ప్రభుత్వం ఇస్తుంది కాబట్టి ఫీజు తక్కువ. సెల్ఫ్ ఫైనాన్స్‌లో జీతాలు కూడా ఫీజుల్లోంచే రావాలి, అందుకే కొన్ని రెట్లు ఎక్కువ. కాలేజీ అదే, చేతికొచ్చే డిగ్రీ విలువా అదే.

ఎయిడెడ్ సీట్లు ఎక్కువగా బీకాం జనరల్‌లో ఉంటాయి. బీబీఏ, అకౌంటింగ్ అండ్ ఫైనాన్స్ వంటివి చాలాచోట్ల సెల్ఫ్ ఫైనాన్సే. సీఏకైనా, ఎంబీఏకైనా, బ్యాంకు పరీక్షలకైనా బీకాం జనరల్ సరిపోతుంది. కోర్సు పేరు కొత్తగా వినిపించిందని ఎక్కువ డబ్బు కట్టనక్కర్లేదు.

ప్రెసిడెన్సీ, నందనం ఆర్ట్స్ కాలేజీ వంటి ప్రభుత్వ కాలేజీల్లో డిగ్రీకి ట్యూషన్ ఫీజే లేదు. వీటన్నిటికీ టీఎన్‌జీఏఎస్‌ఏ (తమిళనాడు ప్రభుత్వ ఆర్ట్స్, సైన్స్ కాలేజీల అడ్మిషన్ల) వెబ్‌సైట్‌లో ఒకే దరఖాస్తు. ప్లస్ టూ (మన ఇంటర్) ఫలితాల సమయంలో, మే నెలలో తెరుస్తారు, త్వరగా మూసేస్తారు. బీకాం ర్యాంకుకు భాషల మార్కులు తీసేసి, నాలుగు సబ్జెక్టులకు 400లో ఎన్ని వచ్చాయో చూస్తారు. ఎయిడెడ్ కాలేజీలకు మాత్రం దేనికది విడిగా వేయాలి. ఆన్‌లైన్ ఫారంలో ఒకే బీకాం రెండుసార్లు కనిపిస్తుంది, ఒకటి ఎయిడెడ్, ఇంకొకటి సెల్ఫ్ ఫైనాన్స్. తొందరలో రెండోదానికే టిక్ పెట్టి డబ్బు కట్టేస్తే మొదటి దాని జాబితాలో మీ పేరే ఉండదు.

ఆంధ్రా, తెలంగాణ ఇంటర్ చదివి వచ్చేవాళ్లు మైగ్రేషన్ సర్టిఫికెట్‌తో పాటు మద్రాస్ యూనివర్సిటీ ఎలిజిబిలిటీ సర్టిఫికెట్ కూడా తెచ్చుకోవాలి. తమిళం రాదని భయపడొద్దు. మొదటి భాషగా తెలుగో, హిందీయో, ఫ్రెంచో ఉందా అని కాలేజీని అడగండి. తమిళం చదవనివాళ్లకు బేసిక్ తమిళ్ అనే చిన్న పేపర్ ఉంటుంది, అంతే.

ఇక స్కాలర్‌షిప్ లెక్క. ఉదాహరణకు, ఒక కాలేజీలో ఏడాదికి మొత్తం 90,000, అందులో ట్యూషన్ 60,000 అనుకుందాం. "50 శాతం మెరిట్ స్కాలర్‌షిప్" ట్యూషన్ మీద, అదీ మొదటి ఏడాదికే అయితే తగ్గేది 30,000. మూడేళ్లకు కట్టేది 2,40,000. ఏ స్కాలర్‌షిప్పూ లేని ఎయిడెడ్ సీటు ఏడాదికి 18,000 అయితే మూడేళ్లకు 54,000. అందుకే అడ్మిషన్ ఆఫీసులో నాలుగు విషయాలు కాగితం మీద రాయించుకోండి: తగ్గింపు ట్యూషన్ మీదా, మొత్తం మీదా? ఎన్నేళ్లు? కొనసాగాలంటే ఎంత శాతం రావాలి? ఒక్క అరియర్ (ఫెయిలై మళ్లీ రాయాల్సిన పేపర్) పడితే పోతుందా? చివరి ప్రశ్న ఎవరూ అడగరు, చాలామంది రాయితీ పోయేది మాత్రం అక్కడే.

కాలేజీతో సంబంధం లేకుండా వచ్చేది కేంద్ర ప్రభుత్వ సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్. డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12,000. కుటుంబ ఆదాయం 4.5 లక్షలు దాటకూడదు, ప్లస్ టూలో మీ బోర్డులో 80వ పర్సంటైల్ పైన ఉండాలి. 80 శాతం మార్కులు కాదు, నూటికి పై ఇరవై మందిలో ఉండటం. ఈ స్కాలర్‌షిప్‌లను బోర్డులవారీగా పంచుతారు కాబట్టి ఆంధ్రా బోర్డు పిల్లలు చెన్నైలో చదివినా ఆంధ్రా కోటాలోనే పోటీపడతారు. సైన్స్, కామర్స్, ఆర్ట్స్‌కు 3:2:1 నిష్పత్తిలో ఇస్తారు, సగం అమ్మాయిలకు. పైన చెప్పిన ఎయిడెడ్ సీటుకు ఇది తోడైతే మూడేళ్లకు చేతినుంచి పడేది 18,000 మాత్రమే.

దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. సబ్మిట్ నొక్కగానే పని అయిపోదు. కాలేజీలో స్కాలర్‌షిప్‌ల పని చూసే నోడల్ ఆఫీసర్ వెరిఫై చేయాలి. తప్పుంటే వెనక్కి పంపుతారు, గడువులోగా సరిచేయకపోతే ఆ ఏడాది పోయినట్టే. వారానికోసారి స్టేటస్ చూడండి. ఆధార్‌లో, మార్కుల మెమోలో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. తెలుగువాళ్లకు ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొట్టిగా ఉండటమే పెద్ద చిక్కు. డబ్బు ఆధార్‌కు లింకైన ఖాతాలో పడుతుంది, కాబట్టి పాత ఖాతా లింకై ఉందేమో బ్యాంకులో కనుక్కోండి. రెన్యువల్‌కు 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు కావాలి. వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ గానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ గానీ తీసుకుంటుంటే ఇది రాదు.

బీబీఏనే కావాలనుకునే అమ్మాయిలు ఏఐసీటీఈ (కేంద్ర సాంకేతిక విద్యా మండలి) ఆమోదం ఉన్న కాలేజీ చూసుకుంటే ఏడాదికి 25,000 ఇచ్చే సరస్వతి స్కాలర్‌షిప్‌కు ప్రయత్నించవచ్చు. తమిళనాడు ప్రభుత్వ బడిలో ఆరు నుంచి ప్లస్ టూ దాకా చదివినవాళ్లకు పుదుమై పెణ్ (అమ్మాయిలకు), తమిళ్ పుదల్వన్ (అబ్బాయిలకు) అనే రాష్ట్ర పథకాల కింద నెలకు 1,000 వస్తుంది. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివేవాళ్లకిచ్చే ఫస్ట్ గ్రాడ్యుయేట్ రాయితీని మాత్రం బీకాం లెక్కలో వేసుకోకండి, అది ఇంజనీరింగ్ లాంటి వృత్తి కోర్సులకు.

రసీదు లేకుండా అడిగే డబ్బు ఏ పేరుతోనైనా ఇవ్వకండి. తమిళనాడులో క్యాపిటేషన్ ఫీజు, అంటే అసలు ఫీజుకు మించి సీటు కోసం వసూలు చేసే డబ్బు, 1992 చట్టం ప్రకారం నేరం. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోండి. ఎయిడెడ్ రెండో జాబితాలో పేరు వస్తే వెంటనే వెళ్లి చేరడానికి అవి మీ చేతిలోనే ఉండాలి.